విస్కీ రుచుల తారతమ్యము

మామిడిపండ్ల కాలమున మన ఇండ్లలో ఏటేట ఒక వాదము పుట్టుచుండును. బంగినపల్లిని మించినది లేదని ఒకరందురు. చిన్నరసము ముందు అది యెంతయని మరియొకరందురు. ఉత్తరాంధ్రము నుండి వచ్చిన చుట్టమెవరైన ఉన్నచో సువర్ణరేఖ పేరు చెప్పి ఆ యిద్దరిని తీసిపారవేయుదురు. గంటసేపు మాటలాడినను వాదము తేలదు. పండ్లు తెచ్చి, కోసి, ఒక పళ్లెములో పెట్టి, ఒకదాని వెంట ఒకటి నోట వేసికొన్ననాడు మాత్రము ఒకదాని పీచు, ఒకదాని పులుపు, ఇంకొకదాని పరిమళము దేనికది విడివడి తెలియును. వేరువేరు దినములలో తిన్నప్పుడు మూడును తీపి అను ఒక్క మాటలో కలిసిపోవును.

విస్కీ విషయమున గూడ మా యనుభవము ఇట్టిదే. ఏడాదికి రెండు మూడు పర్యాయములు మేము నలుగురైదుగురు మిత్రులము ఒక యింట చేరి, నాలుగు తీరుల విస్కీలను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చి చూచుట కొన్నేండ్లుగా జరుగుచున్నది. ఆ పద్ధతిని గూర్చియు, ఆ రుచుల వెనుకనున్న కారణములను గూర్చియు నేడు కొన్ని మాటలు చెప్పదలచితిమి.

ముందుగా ఒక మనవి. సారా మూలమున సంసారములు ఎట్లు చితికిపోవునో తెలుగువారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణము నెదిరించి లేచిరి. ఆ యుద్యమము జిల్లాలు దాటి వ్యాపించెను. 1993లో సారాయు, 1995లో సమస్త మద్యమును ఆంధ్రప్రదేశ్‌లో నిషిద్ధమయ్యెను. 1997లో ఆ సంపూర్ణనిషేధము ఎత్తివేయబడెను. ఇవి మనలో చాలమంది కన్నులార చూచినవే. ఇంత త్రాగిన నిరపాయము అని చెప్పదగిన పరిమాణమేదియు మద్యమునకు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో స్పష్టపరచెను. కనుక అలవాటు లేనివారికి అలవాటు చేయుట ఈ ప్రసంగపు ఉద్దేశము కాదు. అయినను అట్టివారికి గూడ ఇందులో పాలు కలదు. ఏలయన ఈ పరీక్షలో మొదటి పని నాలుకది కాదు, ముక్కుది. స్కాట్లండులో వేరువేరు పీపాల సరకును మేళవించు నిపుణులు ఒక్క దినమున ఎన్నో నమూనాలను చూడవలసియుండును. వాటినన్నిటిని త్రాగుచు కూర్చున్నచో మధ్యాహ్నమునకే వారి ఉద్యోగము ముగియును. వారు నమూనాలో నీరు కలిపి, వాసన చూచి తీర్పు చెప్పుదురు. గొంతు దిగునది అత్యల్పము.

విస్కీ అనగా ఏమి? ధాన్యమును పులియబెట్టి, ఆ పులిసిన ద్రవమును బట్టిపట్టి, వచ్చిన సారమును కొయ్యపీపాలలో నిలువచేసినది. ధాన్యమును పులియబెట్టుటకు ముందు దానిలోని పిండి చక్కెరగా మారవలెను. అందులకు ఉపాయము మొలక. రాగులను నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకెత్తిన తరువాత ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించి పసిపిల్లలకు జావ కాచియిచ్చు తల్లులకు ఈ శాస్త్రము కొత్తది కాదు. ఆ రాగిమాల్టులోని మాల్టు, విస్కీలోని మాల్టు ఒక్కటే క్రియ. అక్కడ రాగులకు బదులు బార్లీ, అంతే భేదము. మొలక పొడచూపిన బార్లీని వేడిగాలిలో ఆరబెట్టి మొలక పెరుగుటను నిలిపివేయుదురు. ఆ వేడి దేనినుండి వచ్చునన్నదానిమీద ఒక గొప్ప భేదము ఆధారపడియున్నది. దానిని ముందు చెప్పుదుము.

1494వ సంవత్సరపు స్కాట్లండు రాజభాండాగారపు లెక్కలలో, జాన్ కోర్ అను క్రైస్తవ సన్న్యాసికి జీవజలము తయారుచేయుటకు ఎనిమిది బోల్‌ల మాల్టు ఇచ్చినట్లు ఒక పద్దు కలదు. బోల్ అనునది ఆనాటి ధాన్యపు కొలత. స్కాటుల ప్రాతభాషలో జీవజలమను అర్థమిచ్చు మాటనుండియే విస్కీ యను పేరు పుట్టినది. ఈ పేరు ఎవరికి చెల్లునన్న తగాదా మాత్రము ఆ తరువాత నాలుగువందల యేండ్లకు లండనులో న్యాయస్థానమున కెక్కెను.

ఆ కథ వినదగినది. పూర్వము విస్కీని రాగికుండలలోనే, ఒక్కొక్క వాయిగా, బట్టిపట్టెడివారు. 1830లో ఈనియస్ కాఫీ అను ఐర్లండువాడు, ఒకప్పుడు ఎక్సైజు ఉద్యోగి, నిరంతరముగా నడచు ఒక ఎత్తైన స్తంభపుబట్టికి పేటెంటు పొందెను. మొక్కజొన్న మొదలగు చౌకధాన్యమునుండి తేలికయైన, వాసన తక్కువయైన సారము దానివలన రేయింబగళ్లు ధారగా వచ్చుచుండెను. ఐర్లండులోని పెద్దబట్టీలవారు దానిని ఏవగించుకొనిరి. స్కాట్లండువారు అందిపుచ్చుకొని, ఆ తేలికసారములో కుండబట్టి మాల్టును కలిపి, నేడు ప్రపంచమంతట అమ్ముడగు మిశ్రమ స్కాచిని సృష్టించిరి. ఇరువదవ శతాబ్ది ఆరంభమున లండనులోని ఇజ్లింగ్‌టన్ పురపాలకసంఘము, స్తంభపుబట్టి సారమును విస్కీ యను పేర అమ్ముట మోసమని దుకాణదారులపై అభియోగము తెచ్చెను. 1906లో మేజిస్ట్రేటు అది మోసమేయని తీర్పు చెప్పెను. వ్యాపారులలో గగ్గోలు పుట్టెను. 1908లో ప్రభుత్వము రాయల్ కమిషనును నియమించెను. 1909లో ఆ కమిషను రెండు విధములైన సారమునకును విస్కీ యను పేరు చెల్లునని తేల్చెను. వ్యాపారుల పలుకుబడి గెలిచినదని కొందరందురు. మా అభిప్రాయమున ఆ తీర్పులో తప్పులేదు. మిశ్రమము గూడ ధాన్యపు సంతానమే. కాని సీసామీది పేరునకును లోపలి సరకునకును నడుమ ఎంత దూరముండవచ్చునో ఆ తగాదా లోకమునకు చూపినది.

ఇక నాలుగు తీరులకు వత్తము.

మొదట ఐర్లండుది. అక్కడ ఒకప్పుడు మాల్టుపై పన్ను పడగా, బట్టీలవారు మొలకెత్తిన బార్లీతోబాటు మొలకెత్తని పచ్చిబార్లీని గూడ కలుపసాగిరి. పన్ను తప్పించుకొనుటకు పట్టిన దారియే తుదకు ఒక రుచిగా నిలిచినది. పచ్చిబార్లీ వలన నాలుకమీద నూనెవంటి ఒక జిడ్డుదనము, మిరియపు చురుకు వచ్చును. సాధారణముగా మూడుసార్లు బట్టిపట్టుదురు గనుక గొంతున నునుపుగా జారును. దీనిని మేము ఎప్పుడును మొదటి గ్లాసుగా పెట్టుదుము.

రెండవది అమెరికా దేశపు బూర్బన్. ఇందులో కనీసము 51 శాతము మొక్కజొన్న యుండవలెను. అంతకన్న ముఖ్యమైన నియమము మరియొకటి కలదు: లోపల మంటపెట్టి బొగ్గుచేసిన కొత్త ఓక్ కొయ్యపీపాలోనే నిలువచేయవలెను. ఒకసారి వాడిన పీపా బూర్బనుకు మరల పనికిరాదు. కొత్తకొయ్య కాలినప్పుడు అందులోని చక్కెరలు పాకమువలె మారును. వెనిల్లాకు పరిమళమిచ్చు వెనిలిన్, లవంగమునకు ఘాటునిచ్చు యూజెనాల్, కొబ్బరిని తలపించు కొన్ని ద్రవ్యములు సారములోనికి దిగును. బూర్బన్ గ్లాసును ముక్కుకడ పెట్టుకొన్నచో బెల్లపుపాకము, కొబ్బరిలౌజు జ్ఞప్తికి వచ్చుట అందువలననే. 1964లో అమెరికా చట్టసభ దీనిని ఆ దేశపు విశిష్ట వస్తువుగా ప్రకటించెను.

ఆ వాడిన పీపాలు పారవేయబడవు. ఓడలెక్కి స్కాట్లండు చేరును. అమెరికా నియమము స్కాట్లండు బట్టీలకు అట్లు పెట్టుబడి తగ్గించినది. స్పెయిన్ దేశపు షెర్రీ యను ద్రాక్షమద్యముతో నానిన పీపాలను గూడ స్కాటులు వాడుదురు. మూడవ గ్లాసు అట్టి పీపాలో పండిన మాల్టు. దానిలో ఎండుద్రాక్ష, ఖర్జూరము, ఒక్కొక్కప్పుడు చింతపండు పులుపు తోచును. స్కాచికి కనీసము మూడేండ్లు ఓక్ పీపాలో నిలువ యుండవలెనని నియమము. సీసామీద 12 అనియో 18 అనియో వేసిన అంకె, అందులో కలిసిన పీపాలన్నిటిలో చిన్నదాని వయస్సు. ప్రతి యేడును పీపాలనుండి సుమారు 2 శాతము గాలిలో కలిసిపోవును. దానిని దేవదూతల పాలని అక్కడివారు వాడుకగా చెప్పుకొందురు.

నాలుగవది స్కాట్లండు పడమటి తీరమునగల ఐలా ద్వీపపుది. దీనికడ కొంచెమాగవలెను. ఆ ద్వీపమున చెట్లు తక్కువ, తడినేలలు ఎక్కువ. ఆ తడినేలలలో నాచు, గడ్డి, పొదలు చచ్చి, గాలి తగులక పూర్తిగా కుళ్లక, ఏడాదికి మిల్లీమీటరు చొప్పున పేరుకొని వేల యేండ్లలో నల్లని మెత్తటి మన్నుగా మారును. దానిని పీట్ అందురు. ఇటుకలవలె కోసి, ఎండబెట్టి, వంటచెరకుగా వాడుదురు. మొలకెత్తిన బార్లీని ఈ పీట్ మంటపై ఆరబెట్టినప్పుడు ఆ పొగ గింజను పట్టుకొనును. అటుపైన నానబెట్టినను, పులియబెట్టినను, రెండుసార్లు బట్టిపట్టినను, పదేండ్లు పీపాలో మూసిపెట్టినను ఆ పొగ విడిచిపోదు. ఆ ద్వీపపు దక్షిణతీరమున ఆర్డ్‌బెగ్, లాగవూలిన్, లాఫ్రోయిగ్ అను మూడు బట్టీలు వరుసగా కలవు. మూడును ఈ పొగకు ప్రసిద్ధములు. మొదటిసారి వాసన చూచినవారు టింక్చరు అయొడిన్, ఆసుపత్రి గుడ్డపట్టీలు అని ముఖము త్రిప్పుకొందురు. కాని పల్లెలో పెరిగిన తెలుగువారికి ఈ వాసన పూర్తిగా పరాయిది కాదు. పిడకలదాలిలో మట్టికుండతో ఉదయమునుండి సాయంకాలము వరకు మెల్లగా కాగి, ఎఱ్ఱని మీగడ కట్టిన పాలు త్రాగినవారు ఒక్క క్షణము కన్నులు మూసికొన్నచో రెండింటి బంధుత్వము తెలిసిపోవును. పొగను రుచిగా గ్రహించుట మనకును అలవాటే. ఆ సంగతి మనము మరచితిమి, అంతియే.

జపానువారిని విడిచిపెట్టితిమని శ్రోతలు అనవచ్చును. మసతక తకెత్సురు అను యువకుడు 1918లో స్కాట్లండు చేరి, ఆ విద్య నేర్చి, స్కాటు యువతిని వివాహమాడి, 1920లో స్వదేశము చేరుకొనెను. 1923లో యమజాకి బట్టీ నిర్మాణమున పాల్గొని, 1934లో యోయిచిలో సొంతముగా బట్టీ పెట్టెను. జపాను విస్కీ స్కాటు విస్కీకి శిష్యరికము చేసి గురువును మెప్పించినది. కాని నాలుగు గ్లాసుల పరీక్షలో శిష్యుని గురువుప్రక్కన పెట్టుట ఆరంభకులకు తికమక కలిగించును. దానిని వేరొక దినమునకు ఉంచుట మేలు.

ఇంటిలో ఈ పరీక్షను జరుపు తీరు చెప్పెదము. ఇల్లు మొదట సిద్ధపడవలెను. సాంబ్రాణి, అగరువత్తులు, అత్తరు, మల్లెపూలు ఆ గదిలో ఉండరాదు. వంటింటిలో ఇంగువ తిరగమోత పడినచో ఆ పూటకు పరీక్ష లేనట్లే. కిటికీలు తెరచి మరునాటికి వాయిదా వేసికొనుట మంచిది. మన వారికి మద్యమనగానే కారపు పకోడీలు, మిరపకాయబజ్జీలు, మసాలా పల్లీలు నంజుకొనుటకు కావలెను. అవి నాలుకను కాల్చిన పిమ్మట ఐర్లండేమి, అమెరికాయేమి? ఉప్పులేని మరమరాలు, మంచినీళ్లు చాలును. మంచుగడ్డలు వద్దు; చలి సువాసనను బంధించును. సోడా, కోలా మొదలగునవి సరేసరి.

గ్లాసు నోటికడ సన్నగిలి అడుగున వెడల్పుగా నుండినచో వాసన నిలుచును. అట్టివి లేనిచో ఇంటనున్న చిన్న గాజుగ్లాసులనే తీసికొని పైన సాసరు మూసి పది నిమిషములుంచినను పని జరుగును. ఒక్కొక్క గ్లాసున 15 మిల్లీలీటర్లకు మించి పోయరాదు. నాలుగును కలిసి 60 మిల్లీలీటర్లు, అనగా ఒక పెద్దపెగ్గు. ఆ పూట అదియే ఆదియు అంతమును. వచ్చినవారు బండి తాళములు ఇంటివారికి అప్పగించుట మాలో మొదటినుండియు ఉన్న నియమము.

గ్లాసును ఒక్కసారిగా ముక్కున కానించి గట్టిగా పీల్చినచో సారము ముక్కును మండించి మొద్దుబార్చును. గడ్డముకడనుండి మెల్లగా పైకి తెచ్చి, నోరు కొంచెము తెరచి, పొట్టిపొట్టిగా పీల్చవలెను. తోచిన మాటను వెంటనే కాగితముపై వ్రాయవలెను. ఆంగ్లపుస్తకములలోని ఎండుగడ్డి, హెదర్ పూలు మనము చూడనివి. వాటిని అరువు తెచ్చుకొనుట దండుగ. అప్పుడే దంచిన అటుకులు, పాతపుస్తకముల బీరువా, తేనెతుట్టె, కొత్తకుండ, తొలకరినేల, వేపపూత అని వ్రాసికొన్నను ఎవరు కాదనెదరు? తరువాత ఒక్క చుక్కంత నోట పెట్టి నాలుకంతట తిరుగనిచ్చి మ్రింగవలెను. మ్రింగిన పిదప ముక్కుగుండ విడుచు ఊపిరిలో మరల ఒక వాసన వచ్చును. చాలమంది దానిని గమనింపక రెండవ గుటకకు తొందరపడుదురు.

అటుపైన నీరు. విస్కీలో నీరు కలుపుట అపచారమని భావించువారు కలరు. వారు స్కాట్లండు మేళవింపుగదులను చూడవలెను. అక్కడ 20 శాతము సారము వరకు నీరు కలిపియే వాసన చూతురు. మన సీసాలోని విస్కీలో సమముగా నీరు పోసినచో రమారమి అంతకు వచ్చును. దీని కారణమును స్వీడనులోని లినేయస్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ 2017లో కంప్యూటరు గణనలద్వారా పరిశీలించిరి. పొగవాసనకు కారణమైన గ్వయకాల్ వంటి ద్రవ్యములు నీరు కలిసినకొలది ద్రవపు పైతలమునకు చేరుననియు, సారము మిక్కిలి హెచ్చుగానున్నప్పుడు లోపల అణగియుండుననియు వారు చూపిరి. ఒక్కొక్క చెంచా చొప్పున నీరు వేయుచు వాసన మార్పును చూచుటయే మాకు ఈ పరీక్షలో అన్నిటికన్న ఇష్టమైన భాగము.

ఇంతవరకు చెప్పినదంతయు ఒక్క యేర్పాటు లేనిచో వ్యర్థము. ఏ గ్లాసులో ఏది యున్నదో రుచిచూచువారికి తెలియరాదు. ఎవరైన ఒకరు వేరుగదిలో పోసి, గ్లాసు అడుగున అంకె అంటించి తేవలెను. రంగు గూడ కనబడరాదు. స్కాచిలో పాకపురంగు కలుపుటకు చట్టము అనుమతించినది గనుక ముదురురంగు ముదిమికి గుర్తు కాదు. ఆలివునూనెను పరీక్షించువారు నీలపుగాజు గిన్నెలను వాడుట ఇందులకే. మేము గ్లాసుచుట్టు వార్తాపత్రిక కాగితము చుట్టుదుము. ఫ్రాన్సులోని బోర్డో విశ్వవిద్యాలయమున 54 మంది ద్రాక్షమద్యశాస్త్ర విద్యార్థులకు తెల్లమద్యములో రుచిలేని ఎఱ్ఱరంగు కలిపి ఇయ్యగా, వారు ఎఱ్ఱమద్యమునకు వాడు మాటలతోనే దానిని వర్ణించిరి. 2001లో ప్రకటింపబడిన ఆ పరిశోధన ముక్కు ఎంత సులభముగా కంటికి లొంగునో నిరూపించినది. రేడియోలో పనిచేయు మాకు ఇందు వింతలేదు. స్వరపరీక్షలో పాడువారి ముఖము, పేరు, గురువు తెలియకుండ గొంతుమాత్రమే వినవలెనన్న నియమము ఊరక పుట్టలేదు.

క్రిందటి సంక్రాంతి తరువాత ఒకనాటి సాయంకాలము మా బృందములోని ఒక మిత్రుడు పదునెనిమిదేండ్ల స్కాచిని తెచ్చెను. విమానాశ్రయమున కొన్నది, దాని వెల చెప్పునప్పుడు ఆయన గొంతు సహజముగానే కొంత తగ్గినది. దానిని మూడవ గ్లాసుగా ఉంచి, మొదట ఐర్లండుది, రెండవది బూర్బన్, నాలుగవది ఐలాది పెట్టితిమి. బూర్బన్ వయస్సు అయిదేండ్లలోపు. మిత్రుడు నాలుగింటిని శ్రద్ధగా చూచి రెండవదానిని పైకెత్తి, “ఎన్నేండ్లో చీకటిలో పండిన గాంభీర్యము దీనిలో నున్నది, ఇది నాదే” అనెను. మూడవదానికెదురుగ ఆయన వ్రాసికొన్న మాట “సాదా” అని. కాగితములు విప్పిన పిమ్మట కొంతసేపు ఎవరును మాటలాడలేదు. ఆయన అనుమానించినట్లు పోసినవారు గ్లాసులు మార్చలేదు. కారణము కొయ్యలో నున్నది. కొత్తగా కాల్చిన పీపా వేడిదేశమున నాలుగైదేండ్లలో ఇచ్చు రంగును, తీపిని, అప్పటికే పలుమార్లు వాడిన పీపా చలిదేశమున పదునెనిమిదేండ్లకును ఈయకపోవచ్చును. ఆ పాతపీపా వేరొకటి యిచ్చును: నెమ్మది, పలుచని పూలవాసన, తుదిని నిలిచియుండు తేనె. దానిని వినుటకు తీరిక కావలెను. సీసామీది అంకె ఆ తీరికకు బదులు కాజాలదు. “ఇంకొక్క విడత పోయుడు, మరల చూతము” అని మిత్రుడు కోరెను. కొలత ముగిసినది గనుక పోయలేదు. ఆయనకు కోపము వచ్చిన మాట నిజమే. పది నిమిషములలో పోయినది.

ఆ సాయంకాలమే మరియొక విశేషము జరిగెను. గ్లాసులు పోసినది మా వదినగారు. ఆమె మద్యము ముట్టరు. ఇక మీరు నాకు పోయవలసినది లేదు గాని వాసన నేనును చూచెదనని, కాగితముల అంకెలు మమ్ము తారుమారు చేయమని ఆమె అనిరి. మూడు గ్లాసుల పరీక్ష ఒకటి కలదు: రెండింటిలో ఒకే సరకు, మూడవదానిలో వేరొకటి పోసి, వేరుగానున్నది ఏదో చెప్పుమందురు. ఊహతో చెప్పినను మూడింట ఒకసారి నిజమగును గనుక నాలుగైదు పర్యాయములు జరుపవలెను. సీసాలలో మిగిలిన సరకునుండి చెంచాడు చొప్పున పోసి అయిదుమార్లు పెట్టితిమి. ఆమె అయిదుమార్లును సరిగా చెప్పిరి. మాలో ఎవరికిని మూడు దాటలేదు. ఐలా గ్లాసును గూర్చి ఆమె యన్న మాట, “మా అమ్మమ్మ యింట దాలిపాలు, వెనుకనే ప్రభుత్వాసుపత్రి.” పోపు మాడబోవుటను ప్రక్కగదినుండి పసికట్టు ముక్కది. అంతటి సాధన మాలో ఎవరికున్నది?

మన దేశపు సీసాను గూర్చి చెప్పక విడుచుట న్యాయము కాదు. మనదేశమున విస్కీ యను పేర అమ్ముడైన సరకులో బహుకాలము అధికభాగము చెరకుమడ్డినుండి తీసిన సారముతో చేయబడినది. ఇటీవల ధాన్యసారము వాడుట పెరిగినది. చెరకునుండి పుట్టినది స్వభావముచేత రమ్ము కుటుంబమునకు చెందును. ఐరోపా సమాఖ్య చట్టము ప్రకారము ధాన్యమునుండి పుట్టనిదానిని అక్కడ విస్కీ యని అమ్మరాదు. ఇజ్లింగ్‌టన్ తగాదా మొక్కజొన్నకు బార్లీకి నడుమ జరిగినది. మన తగాదా చెరకుకు ధాన్యమునకు నడుమది. పోల్చి చూచినవారికి చట్టముతో పనిలేదు. మొదటి నాలుగు గ్లాసుల ప్రక్కన చౌకసీసాదానిని పెట్టి నీరు కలిపినచో, కలిపిన ఎసెన్సు పైకి తేలిన తరువాత అడుగున ధాన్యపు జాడ కనబడదు. గ్లాసు ఖాళీగా మాటలాడును.

అయితే ఈ దేశముననే మరియొక దారి గలదు. బెంగుళూరులోని అమృత్ సంస్థ భారతదేశపు బార్లీతో చేసిన సింగిల్ మాల్టును 2004లో స్కాట్లండులోని గ్లాస్గో నగరముననే మొదట అమ్మకమునకు పెట్టెను. గోవాలోని పాల్ జాన్ 2012లో ఆ బాట పట్టినది. బెంగుళూరు వేడిమిలో దేవదూతల పాలు ఏడాదికి సుమారు 10 శాతము, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నుండును. పదునెనిమిదేండ్లు ఉంచినచో పీపాలో మిగులునది కొంచెమే. కనుక మన మాల్టు నాలుగైదేండ్లకే పక్వమై సీసాకెక్కును. సీసామీద అంకె చిన్నదని దానిని ప్రక్కకు త్రోయువారు మా మిత్రుని గ్లాసును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. చీటీలు దాచి పోల్చినప్పుడు మా బృందములో అది స్కాట్లండు మాల్టుతో సరిసమానముగా నిలిచినది; ఇద్దరు దానినే పైన పెట్టిరి. బార్లీపిండి తీపి, నారింజతొక్క, చివర మిరియము దాని గుర్తులు.

పరీక్ష ముగిసిన రాత్రి గ్లాసులు కడుగవలదు. బోర్లించక అట్లే బల్లమీద ఉంచుడు. సారము ఆవిరియైపోయి, పీపాయు, ధాన్యమును, పొగయు విడిచిన మరక మాత్రము గాజునంటి నిలుచును. ఉదయము కాఫీకి ముందు, ముక్కు తేటగా నున్నప్పుడు, వరుసగా నాలుగింటిని చూడవచ్చును. ఐర్లండుదానిలో పిండివాసన, బూర్బనులో బెల్లము, మూడవదానిలో తేనెమైనము మిగిలియుండును. నాలుగవ గ్లాసును మా వదినగారు రెండుసార్లు కడిగి ఎండలో పెట్టిరి. ఆ వాసన మూడవనాటికి గాని పోలేదు.